ఆయుధపూజనాడు తుడిచేసిన హంసలు

నేను ఒక హార్డ్ డిస్కుని. అరచేతిని కాస్త మించిన ఇనుప డబ్బాని. లోపల అద్దంలా మెరిసే రెండు పళ్ళేలు, వాటి మీద వెంట్రుక కూడా పట్టనంత ఎత్తులో అటూ ఇటూ తిరిగే ఒక చెయ్యి, ఇదే నా సంసారం. పళ్ళేలు నిమిషానికి ఏడు వేల సార్లు గిర్రున తిరుగుతాయి. ఆ చెయ్యి వాటిని చదువుతుంది, రాస్తుంది, కానీ ఎన్నడూ తాకదు. తాకిందా, నా పని సరి.

నేను పుట్టింది సముద్రాల అవతల ఎక్కడో. నాకు పురుడు పోసినవాళ్ళు తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగులు వేసుకుని, దుమ్ము నలుసు పడినా నేరమన్నట్టు పని చేసేవాళ్ళు. అంత శుభ్రంలో పుట్టినదాన్ని. అయినా శుభ్రం అన్న మాట చెవిన పడితే ఇప్పుడు నాకు గుండె దడ. ఎందుకో చెబుతాను, వినండి.

నా మొదటి యజమాని అనంతపురంలో నెట్ సెంటరు నడిపేవాడు. పాపం, మంచివాడే. హాల్ టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, రైలు టికెట్లు, ఎవరో ఎవరికో రాసి పంపకుండా వదిలేసిన ఉత్తరాలు, ఇలా ఊరందరి ఆశలూ పొద్దున నా మీదికి ఎక్కేవి. సాయంత్రం దుకాణం మూసేముందు ఆయన అన్నిటినీ కలిపి ఒక్క డిలీట్ కొట్టేవాడు. పీడా పోయిందనుకుని తాళం వేసుకుని ఇంటికి పోయేవాడు.

ఎక్కడికి పోతాయండీ? నా దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, అది ఏ మూలన ఉంది అని. డిలీట్ అంటే ఆ జాబితాలో పేరు కొట్టెయ్యడం, అంతే. సరుకు ఉన్నచోటే ఉంటుంది. రేషన్ జాబితాలో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి చచ్చిపోడు కదా, ఇంట్లోనే కూర్చుని ఉంటాడు. కాకపోతే పేరు లేదు కాబట్టి ఆ చోటు ఖాళీ అని నా లెక్క. కొత్త ఫైలు ఏదైనా వస్తే తీసుకెళ్ళి అతని నెత్తిన కూర్చోబెడతాను. అప్పుడు మాత్రం పాతది నిజంగానే పోతుంది. ఎవరి నెత్తిన ఎవరు కూర్చున్నారన్న విచారం నాకు లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఫోన్లు వచ్చి నెట్ సెంటర్ల నోట్లో మట్టి కొట్టాక నన్ను ధర్మవరం పట్టుకొచ్చింది బండారు పుష్పావతి. ఆమె పట్టుచీరలకు అంచులూ కొంగులూ గీసే డిజైనరు. నలభై అయిదేళ్ళ మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జారితే గానీ ఆమె పని ఊపందుకోదు. కంప్యూటర్లో గళ్ళ కాగితం లాంటిది తెరిచి, గడికో పోగు చొప్పున రంగు నింపుకుంటూ పోతుంది. ఆ గీతను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలన్నీ దండగా కుట్టి మగ్గం మీద తిప్పుతుంటే చీర అంచులో నెమళ్ళూ మామిడి పిందెలూ పుడతాయి. అట్టలు కొట్టేదీ, పక్క గదిలో మగ్గం మీద కూర్చుని నేసేదీ ఆమె మరిది నాగభూషణం. ఆ కంప్యూటర్లో నేను రెండో డిస్కుని. ఇంట్లో అందరూ నన్ను డి డ్రైవు అనేవారు. పుష్పావతి గీసినవన్నీ నా దగ్గరికే వచ్చేవి.

పాత పట్టుచీరల్లో జరీ అసలు వెండిది. ఆ వెండి కోసం “పాత జరీ చీరలు కొంటాం” అని వీధుల్లో అరుస్తూ తిరిగేవాళ్ళుంటారు. కొన్న చీరను కాల్చేసి, బూడిదలోంచి వెండి తీసుకుంటారు. నలభై ఏళ్ళు బీరువాలో దాచుకున్న పెళ్ళిచీర గంటలో బూడిద. పుష్పావతి ఆ కేక వినబడగానే వీధిలోకి పరుగెత్తేది. “రోంతసేపు ఆగండప్పా, అంచు పట్టుకుని ఇచ్చేస్తా” అని చీర తెచ్చి, ఫోటో తీసి, తర్వాత తీరిగ్గా ఆ ఫోటో చూసి గీసుకునేది. పదకొండేళ్ళలో అలా ఆరు వందల పైచిలుకు అంచులు పోగయ్యాయి. చీరలన్నీ కాలిపోయాయి. వాటి అంచులకు ఈ భూమ్మీద నేను తప్ప ఇంకో చిరునామా లేదు. ఇంకోచోట రెండో ప్రతి దాచుకోవచ్చు కదా అంటారేమో. దాచుకోవాలని ఆమెకూ తెలుసు. ప్రతి దీపావళికీ అనుకునేది, సంక్రాంతికి చేద్దాంలే అని వాయిదా వేసేది.

అలా వచ్చినదే సుంకమ్మ అంచు. సుంకమ్మ అదే వీధి మనిషి, డెబ్బై దాటింది. ఆమె పెళ్ళిచీరను ఆమె భర్త ఓబుళపతి పెళ్ళికి ముందు తన చేత్తోనే నేశాడట. అంచు నిండా హంసల బారు. ఏడేళ్ళ క్రితం ఓబుళపతి మంచాన పడ్డప్పుడు, అమ్మెయ్యమని ఆయనే అన్నాడు. “నేసినోణ్ణి నేనుండా గదా, లేసినంక ఇంగోటి నేస్తా” అన్నాడు. లేవలేదు. చీర అమ్మేముందు పుష్పావతి ఆ అంచు పట్టుకుంది. “చీర పోతే పోనీలే పెద్దమ్మా. అంచు నా కాడ ఉంటాది. నీకెప్పుడు కావల్లంటే అప్పుడు నేయించిస్తా” అని మాటిచ్చింది.

ఈ ఏడు వినాయక చవితి దాటాక సుంకమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“ఇప్పుడు కావల్ల మే పుష్పా. ఒక కన్ను పోనే పోయింది. రెండోది గూడా శానా దినాలు నిలవదని డాక్టరు చెప్పినాడు. కనపడతాండేటప్పుడే ఆ అంచు ఒగసారి సూసుకోవల్ల.”

నాగభూషణం ఆ మాట విని తన మగ్గానికే పడుగు దారాలు ఎక్కించాడు. అయితే ఒక చిక్కు ఉంది. దీపావళి అమావాస్య దాటితే ఆ మగ్గం పెళ్ళిచీరలకు పోతుంది. ముందే ఒప్పుకున్నవి, మళ్ళీ ఉగాది దాకా ఖాళీ ఉండదు. ఉగాదికి సుంకమ్మ కన్ను ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? కాబట్టి అమావాస్య లోపల ఆ చీరకు మొదటి పోగు పడాలి. ఒకసారి మొదలైన చీరను మధ్యలో దించరు. దసరా కాగానే అట్టలు కొట్టి మొదలుపెడదామనుకున్నారు.

దసరా వచ్చింది, దానితో పాటు ఆయుధపూజా వచ్చింది. నేతగాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు మగ్గానికి సెలవు. అన్నీ దులిపి, తుడిచి, కుంకుమ బొట్లు పెట్టి పూజ చేస్తారు. నాగభూషణం శుభ్రం విషయంలో ముందునుంచీ మొండిఘటం. మగ్గం గుంటలో ఒక్క పోగు ముక్క కనబడినా ఊరుకోడు. ఆ రోజు పొద్దున్నే మగ్గం తుడిచాడు, అట్టలు కొట్టే మిషను తుడిచాడు, కంప్యూటరు డబ్బా విప్పి మెత్తటి గుడ్డతో నన్ను కూడా ముద్దుగా తుడిచాడు. నాకు హాయిగానే ఉంది. గుమ్మడికాయ కొట్టాడు. బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాడు. కంప్యూటరుకి చక్రాలు లేవాయె, కాసేపు తల గోక్కుని మౌసు కింద పెట్టి నొక్కాడు.

అంతటితో ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. కంప్యూటరు తెరిచి చూశాడు. నా పేరు పక్కన ఎర్రటి గీత. నేను నిండిపోయానని గుర్తు. వదిన రోజూ “నిండిపాయ, నిండిపాయ” అని సణగడం అతను విని ఉన్నాడు. డిజైన్లన్నీ తెర మీద బొమ్మలుగా ఎదురుగా కనబడుతూనే ఉన్నాయి. అవే అసలువి, డి అంటే వెనకాల పాత సామాన్లు పడేసే గది అని అతని నమ్మకం. ఆ బొమ్మలు ఉత్త దారి చూపే గుర్తులనీ, దారి చివర ఉన్నది నేననీ అతనికి ఎవరు చెప్పారు కనుక? ఫార్మాట్ అని నొక్కాడు. అంతా పోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగింది. కంప్యూటర్లు అడిగే ప్రశ్నలు చదివి జవాబు చెప్పిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. సరే అన్నాడు.

నాకు నొప్పేమీ తెలియలేదు. జాబితా మొత్తం ఒక్కసారిగా చినిగిపోయి తెల్ల కాగితమైంది. తర్వాత నా నెత్తిన కూడా ఒక కుంకుమ బొట్టు పడింది.

దశమి మర్నాడు పుష్పావతి కూర్చుని హంసల అంచు బొమ్మ మీద నొక్కింది. తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కింది. డి తెరిచి చూసింది. బోసి నేల. 

“భూషణా, దీంట్లో ఏమన్నా చేసినావా?”

“పండగ గదా వదినా, లోపల గూడా శుభ్రం చేసినా” అన్నాడు అతను పక్క గదిలోంచి, మెచ్చుకుంటుందేమోనన్న గొంతుతో. “ఎర్రగీత పోయింది, చూసినావా?”

పుష్పావతి నేల మీద కూలబడింది. “ఓయమ్మా, నా పదకొండేండ్లు తుడిచేసినావు గదరా” అని ఏడ్చింది. నాగభూషణం వచ్చి జరిగింది అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ అతణ్ణి ఒక్క మాట అననిది, ఆ పూట ఎన్ని అనకూడదో అన్నీ అంది. 

మధ్యాహ్నం అతనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పోయిన ఫైళ్ళను తెచ్చే సాఫ్టువేర్లుంటాయని ఎవరో చెప్పారట. వెతికితే ఒకటి కాదు, బజారు బజారే ఉంది. అన్నిటికన్నా పైన ఉన్నదానికి అయిదు నక్షత్రాలు, టై కట్టుకున్న ఒక మనిషి నవ్వు, నూటికి నూరు పాళ్ళూ తెస్తామన్న హామీ. దించుకున్నాడు. ఎక్కడికి? ఆ కంప్యూటర్లో దించుకున్నవన్నీ నా దగ్గరికే వచ్చేలా ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టారు. అంటే అంచులను వెతకడానికి వచ్చిన ఆ పెద్దమనిషి తిన్నగా వచ్చి అంచుల నెత్తినే కూర్చున్నాడు. కొన్ని అంచులు అక్కడికక్కడే పోయాయి. నేను ఖాళీ అనుకున్న చోటే చూపించాను. నా జాబితాలో ఖాళీ అనే ఉంది మరి.

అది నాలుగు నిమిషాలు తిరిగి, పాత పేర్లన్నీ వరసగా తెర మీద పెట్టింది. నెమలి అంచు, రుద్రాక్ష అంచు, హంసల అంచు. వదినా మరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుష్పావతి కళ్ళు తుడుచుకుంది. తీసుకుందామని నొక్కితే, ముందు కొనండి అంది. సరే, కొనేముందు ఒక్కటి తెరిచి చూపించమంటే చూపించదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నాగభూషణానికి అనుమానం వచ్చి ఇంకొకటి దించాడు. దాని తాళం పగలగొట్టిన దొంగ నకలు ఒకటి ఎవరో పంపితే అదీ దించాడు. అది తనతో పాటు అడగని చుట్టాలను నలుగురిని వెంటబెట్టుకొచ్చి తెర నిండా ప్రకటనలు అంటించింది. ఆ ప్రకటనలు పోగొట్టడానికి మళ్ళీ ఇంకొకటి దించాడు. రెండు రోజుల్లో నాలుగు. నాలుగూ నా నెత్తినే.

నేనెప్పుడూ దేనికీ చలించనిదాన్ని. కానీ ఆ రెండు రోజులూ నాకు ఒళ్ళు మండిపోయింది. నోరుంటే “ఆపండ్రా నాయనా, నన్ను ముట్టుకోకండి” అని అరిచేదాన్ని. ఊరికే వదిలేస్తే అన్నీ భద్రంగా ఉండేవి. రక్షించడానికి వచ్చినవాళ్ళే ఒక్కొక్కటీ తొక్కేస్తుంటే చూస్తూ పడి ఉన్నాను.

మూడో రోజు సుంకమ్మ వచ్చింది. “అట్టలు కొట్టినారా?” అని అడిగింది.  “రెండు దినాలు పెద్దమ్మా” అంది పుష్పావతి. ముసలమ్మ వెళ్ళగానే చెప్పులు వేసుకుని బజారులో కెమెరాలు బిగించే షఫీ దగ్గరికి నడిచింది. దుకాణాల్లో దొంగతనాలు జరిగినప్పుడు, చెరిగిపోయిన వీడియోలు తీసిపెట్టేది అతనే.

షఫీ వచ్చి నన్ను చూడలేదు, ముందు తెరను చూశాడు.

“ఎన్ని దించినారక్కా?”

“నాలుగు.”

“యాడికి దించినారు?”

“డి లోకి” అన్నాడు నాగభూషణం.

“ఏ డి లోంచి పోయినాయో, ఆ డి లోకేనా అన్నా?” షఫీ నొసలు కొట్టుకున్నాడు. “బాయిలో ఉంగరం పడిందని బాయిలోకి రాళ్ళేస్తారా ఎవరన్నా? ముందు కరెంటు తియ్యండి.”

ఆ మనిషి మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది. నన్ను ఊడదీశాడు. నా మీద ఏమీ రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే కుదిరే ఒక తీగకు తగిలించి, నాలో ఉన్నదంతా ఖాళీలతో సహా ఇంకొక పెద్ద డిస్కులోకి పోతపోసినట్టు దించుకున్నాడు. ఒక పగలంతా పట్టింది. “ఇంగ దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఎన్ని ప్రయోగాలు చేసినా ఆ నకలు మీదనే” అన్నాడు. నన్ను బల్ల మీద ఒక పట్టుగుడ్డ పరిచి పడుకోబెట్టారు. అక్కడినుంచే మిగతాదంతా గమనించాను.

“వీటన్నిట్లో ఏది మంచిది షఫీ?” అని అడిగింది పుష్పావతి.

“మంచిది చెడ్డది అని లేదక్కా. ఫోటోలు బాగా తెచ్చేది ఒకటి, వీడియోలు తెచ్చేది ఒకటి. నీ డిజైన్ ఫైలు రకం ఊర్లో ఎవరికి తెలుసు? దాన్ని గుర్తు పట్టేది ఏదో చూసుకోవల్ల. నేను మూడు చెప్తా. నువ్వే ఏరుకో.”

పుష్పావతి చాలాసేపు ఆలోచించింది. ఆమె రంగులు అద్దేవాళ్ళ ఇంటి పిల్ల. కొత్త రంగు వచ్చినప్పుడు వాళ్ళు పట్టు మొత్తం ముంచరు. ఒక్క పోగు ముంచి, ఎండలో ఆరేసి, నీళ్ళలో పిండి, రంగు నిలిస్తేనే మిగతాది ముంచుతారు. డబ్బా మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. ఆమె అదే పని చేసింది. ఒక పాత పెన్ డ్రైవులో, తన దగ్గర అట్టలు కొట్టించుకున్నవాళ్ళ కంప్యూటర్లలో మిగిలిన అయిదు డిజైన్లు వేసింది. వేసి, కావాలని ఫార్మాట్ కొట్టింది.  తర్వాత షఫీ చెప్పిన మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి దాని మీదికి వదిలింది.

మొదటిది చాలా అందంగా ఉంది. పేర్లు అయిదూ తెచ్చింది. తెరిస్తే లోపల ఏమీ లేదు, తెల్ల గళ్ళు. రెండోది ఫోటోలు తప్ప ఇంకేమీ ఎరగనంది. మూడోదానికి రంగూ రూపూ లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఊరికే ఇచ్చే సరుకు. దాన్ని చూసి నాగభూషణం భయపడ్డాడు.

“దీనికి మొగం గూడా లేదు వదినా.”

“మొగం జూసి మగ్గం కొంటామా?” అంది పుష్పావతి. దసరా తర్వాత ఆమె అతనితో మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది.

దానికి డిజైన్ ఫైళ్ళ సంగతి తెలియదు, నిజమే. కానీ నేర్పితే నేర్చుకుంటుంది. ప్రతి డిజైన్ ఫైలు మొదట్లోనూ ఒకే రకం గుర్తు ఉంటుంది. షఫీ ఆ గుర్తు దానికి చూపించి, ఇట్లాంటివి ఎక్కడున్నా ఏరుకొని రా అన్నాడు. అయిదింటికి అయిదూ తెచ్చింది. పేర్లు లేవు, ఒకటి రెండు మూడు అని అంకెలు వేసింది. తెరిస్తే లోపల గడి గడీ ఉంది. పుష్పావతి ఇంక వేరేది చూడలేదు.

ఆ మొగంలేనిది నా నకలు మీద మూడు పగళ్ళు తవ్వింది. జాబితాను నమ్మకుండా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ప్రతి చోటూ తడుముతూ పోయింది. పైకి తీసినవి పంతొమ్మిది వేలు. అందులో అంచులెన్ని? నెట్ సెంటరు రోజుల హాల్ టికెట్లు లేచి వచ్చాయి. మీసం మొలవని ముఖాలు బిక్కచూపులు చూస్తున్నాయి. ఎవరిదో ఉద్యోగ దరఖాస్తు, తనకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చునని నాలుగు తప్పులతో రాసింది. వాటి మధ్యన నెమలి. మళ్ళీ ముప్ఫై హాల్ టికెట్లు. తర్వాత రుద్రాక్షలు. పేర్లు లేవు కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. వదినా మరిదీ పక్కపక్కన కూర్చుని ఏరారు. నాగభూషణం ఒక్కో అంచు దొరికినప్పుడల్లా “ఇదిగో వదినా” అని చిన్నపిల్లాడిలా అరిచేవాడు. ఆమె ఊఁ అనేది.

అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా హంసల అంచు దొరికింది. ఎక్కడా ఒక్క గడి చెదరలేదు. నాగభూషణం పరుగెత్తుకెళ్ళి సుంకమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. జరిగినదంతా దారిలోనే చెప్పేశాడు. ముసలమ్మ తిట్టలేదు. వచ్చి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి, మంచి కంటితో ఆ బారు పొడుగునా చూసింది. రెండోసారి చూసింది.

“ఇది నాది గాదు మే” అంది.

“హంసలే గదా పెద్దమ్మా!”

“హంసలే. అన్నీ ముందుకే పోతాండాయి. నా దాంట్లో ఒగటి వెనక్కి తిరిగి సూస్తాంటాది.”

పుష్పావతి నవ్వింది. “అట్లేం లేదు పెద్దమ్మా. నేనే గదా గీసింది.”

“కన్ను సరిగ్గా అగపడక…” అని గొణిగాడు నాగభూషణం.

“కన్ను ఇప్పుడు పోయింది నాయనా. ఆ చీర నలబై ఏండ్లు సూసినా.” సుంకమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. “మాకు పెండ్లి కుదిరినంక మా యమ్మ ఎంబడి ఆయన నేసే తావకు పోయినా. నేను గుమ్మం కాడ నిలబడితే, ఆయన తల ఎత్తి సూసినాడు. సెయ్యి తప్పింది. అట్టలు వెనక్కి తిరిగినాయి, హంస గూడా వెనక్కి తిరిగింది. పోగులు ఇప్పి మళ్ళా నెయ్యొచ్చు. నెయ్యలేదు. నేను అలిగినప్పుడంతా ఆ హంసనే సూపిస్తాండె, నిన్ను సూసినందుకు నా పని ఇట్లయింది సూడు అని.”

 ముసలమ్మ లేచి కొంగు సర్దుకుంది. “పోనీలే తల్లీ. ఉండేదే నెయ్యండి. ఇంతమాత్రం దొరికింది సాలు” అని మెల్లిగా గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటేనే నయం. 

మర్నాడు పుష్పావతి డిజైన్లు వదిలేసి, ఆ చీరకు తీసిన అసలు ఫోటో కోసం ఫోటోల కుప్ప ముందు కూర్చుంది. పదకొండు వేల ఫోటోలు. రెండు రోజులు చూసింది. కొండను తవ్వుతున్నావు వదినా, ఎలుక కూడా దొరకదు అన్నాడు నాగభూషణం. దొరికిన అంచుకే అట్టలు కొట్టేస్తే చాలని అతని తొందర, అమావాస్య ఎల్లుండి. ఆమె కదల్లేదు.

దొరికింది. కింది సగం బూడిదరంగు పలక. ఆ సగం నెత్తిన ఆ నాలుగింటిలో ఏదో ఒకటి కూర్చుంది, ఎవరో నాకు తెలుసు, చెప్పి లాభం లేదు. పై సగంలో అరిగిన పట్టు మీద జరీ హంసలు. ఒకటి, రెండు, మూడు ముందుకు పోతున్నాయి. నాలుగోది మెడ వెనక్కి పెట్టి చూస్తోంది.

ఆ ఫోటో ఆయుధపూజనాడు పోయినది కాదు. ఏడేళ్ళ క్రితమే పుష్పావతి తన చేత్తో తీసేసినది. గీసేటప్పుడు ఆ హంసను చూసింది. నేతలో తప్పు అనుకుంది. మంచి పనిమంతురాలు కదా, తప్పును తప్పుగా గీయలేక దాన్ని తిప్పి బారులో పెట్టేసింది. పని అయిపోయాక ఫోటో ఎందుకు, చోటు దండగ అని డిలీట్ కొట్టింది, మరిచిపోయింది. అదృష్టం కొద్దీ, ఆ నాలుగూ వచ్చేదాకా దాని నెత్తిన ఎవరూ కూర్చోలేదు. మొగంలేని ఆ సాఫ్టువేరుకు పోగొట్టుకున్నదేదో పారేసినదేదో తెలియదు. ఏరమన్నారు, ఏరింది.

పుష్పావతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“భూషణా, నిన్ను ఆ దినం అన్ని మాటలంటి గదా.”

“పోనీలే వదినా, తప్పు చేసినోన్ని పడల్ల.”

“నేను ఏడేండ్ల కిందనే తుడిచేసినానబ్బీ.”

“ఏం తుడిచినావు?”

“సుంకమ్మ మొగుణ్ణి” అంది పుష్పావతి, అని ఏడ్చింది. నాగభూషణం తెర మీది ఆ నాలుగో హంసను వేలితో ముట్టుకుని చూశాడు.

అమావాస్యకు ముందురోజు పొద్దున మగ్గం మోగింది. నాగభూషణం ప్రాణానికి అది పెద్ద పరీక్ష. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తప్పు నేయనివాడు, కావాలని తప్పు నేయాలి. “ఊర్లో నవ్వుతారు వదినా, భూషణం చెయ్యి తప్పిందంటారు” అన్నాడు. “అననీ” అంది ఆమె. మూడు హంసలు నేశాక మగ్గం చప్పుడు ఆగింది. అట్టల దండను చేత్తో వెనక్కి తిప్పుకుంటున్నాడని నాకు వినబడింది. మళ్ళీ మోగినప్పుడు ఆ చప్పుడు మెల్లగా, ఒక్కో పోగుకీ ఆగి ఆగి వచ్చింది. ఆ ఒక్క హంసకు అతనికి పూటంతా పట్టింది.

నా సంగతి చెప్పుకునేది పెద్దగా ఏమీ లేదు. ఆరు వందల పైచిలుకు అంచుల్లో అయిదు వందల నలభై దాకా తిరిగి వచ్చాయి. వాటికి ఇప్పుడు రెండు కొత్త డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి షఫీ దుకాణంలో. ఈసారి సంక్రాంతి దాకా ఆగలేదు. రాని అంచులు ఏవో పుష్పావతికి గుర్తు కూడా లేవు, నాకు మాత్రం తెలుసు. నన్ను పట్టుగుడ్డలో చుట్టి, మగ్గం గదిలోని సొరుగులో పెట్టారు. నా మీద ఇక ఎవరూ ఏమీ రాయరు. పళ్ళేలు తిరిగి నెలలవుతోంది. దిగులేమీ లేదు, అలవాటైంది.

నేత పూర్తయి మగ్గం మీంచి చీర కోసి తీసిన రోజు సుంకమ్మ వచ్చింది. కార్తీక మాసం, గదిలో వెలుతురు బాగానే ఉంది. అయినా ఆమె దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోలేదు. మగ్గం పక్కన కూర్చుని చీర ఒళ్ళో వేసుకుంది. అంచు మీద బొటనవేలు పెట్టి, జరీని తడుముకుంటూ ఒక్కో హంసనే దాటుకుంటూ పోయింది. వదినా మరిదీ నిలబడి చూస్తున్నారు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ వంగి, మంచి కన్ను ఆనించి చూసింది. ముసలమ్మ ముఖం ఎర్రబడింది. పక్కన మనుషులున్నారన్న ధ్యాసే లేకుండా, చిన్నగా, కసురుతున్నట్టు అంది:

“సూసింది సాల్లే. పని సూసుకో.”